మేడారము కథయు, హతుల స్మృతియు

మేడారము జాతరను గూర్చి మన భాషలో వెలువడిన వ్రాతలు కొల్లలు. వానిలో పెక్కింటికి భక్తి ప్రధానము; కొన్నింటికి చరిత్ర ప్రధానము. మొదటి తెగవారు సమ్మక్క సారలమ్మల మహిమలను వర్ణింతురు. రెండవ తెగవారు ఈ కథకు శాసనాధారము లేదనియు, కాలక్రమము పొసగదనియు నిరూపించి యంతటితో విరమింతురు. ఈ యిరు తెగలవారును దాటిపోయిన విషయమొకటి కలదు. ఈ కథ మూలమున ఒక సంహారకథ. ఒక రాజ్యము తన సేనను పంపి, ఒక యడవిజాతి పాలకకుటుంబమును, దానితో నిలిచిన జనమును చంపించిన కథ. ఆ హతులను మన సాహిత్యము ఏ తీరున స్మరించినది, ఏ తీరున మఱచినది అనునదే యిచ్చట విచార్యము.

కథ పాఠకులకు సుపరిచితమే యైనను, విచారణకు వలసినంత చెప్పుదును. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2019 నుండి ములుగు జిల్లాలో చేరిన తాడ్వాయి మండలమున మేడారము గలదు. పోలవాసనేలిన మేడరాజునకు అడవిలో పులుల నడుమ నొక పసిపాప దొరకెను. ఆమెయే సమ్మక్క. ఆమె పగిడిద్దరాజు నిల్లాలయ్యెను. వారికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న అను బిడ్డలు. కఱవు వచ్చెను, కాకతీయ ప్రభువునకు కప్పము చెల్లలేదు. ఓరుగంటినుండి సేనలు వచ్చెను. పగిడిద్దరాజు, సారలమ్మ, ఆమె భర్త గోవిందరాజు, నాగులమ్మ పోరున గూలిరి. జంపన్న సంపెంగవాగున బడి ప్రాణము విడువగా ఆ నీరు నెత్తుటితో నెఱ్ఱనయ్యెననియు, నాటినుండి యది జంపన్నవాగయ్యెననియు చెప్పుదురు. సమ్మక్క వెనుకనుండి పొడువబడి, గాయముతోనే చిలకలగుట్టవైపు నడచి కానరాకపోయెను. వెదకిన వారికి నాగవృక్షము నీడను, పుట్టకడ, కుంకుమభరిణె యొకటి మాత్రము దొరకినది.

కాలక్రమమును గూర్చిన యాక్షేపము నిక్కమైనదే. పోలవాస పాలకులలో మేడరాజను పేరు గలవారు పదునొకండవ, పండ్రెండవ శతాబ్దులకు జెందినవారు. కథలో సేనలను బంపినవాడుగా చెప్పబడు ప్రతాపరుద్రుడు 1289లో రాజ్యమునకు వచ్చి 1323లో ఓరుగంటి పతనముతో పట్టుబడినవాడు. పెంపుడుతండ్రికిని శత్రువునకును నడుమ నూఱేండ్లకు మించిన యంతరము గలదు. కాకతీయుల శాసనములలో సమ్మక్క పేరు లేదు. కావున జనశ్రుతి రెండు కాలముల స్మృతులను ఒక్క తాడుగా పేనినదని చెప్పవలసియున్నది. అయితే ఇచ్చట చరిత్రవిమర్శకులు ఒక మెట్టు తొందరపడుదురు. పేర్లు కలసిపోయినవి గనుక చంపుటయే జరుగలేదని వారి వాక్యములకు ఫలితార్థము. తేదీ తప్పిన సాక్షి సాక్ష్యమునంతయు త్రోసివేయుట న్యాయస్థానములందైనను ఆచారము కాదు. అనేక తరముల నోట నిలిచిన కథలో రాజుల పేర్లు మాఱవచ్చును. కఱవు, కప్పము, సేన, వాగు, వెనుకపోటు అనునవి మాఱకుండుట విమర్శకుడు గమనింపవలసిన లక్షణము.

అంతియేకాక కథ చెప్పు కారణము ఆ కాలపు రాజ్యస్వభావమునకు విరుద్ధము కాదు. రామప్ప దేవాలయము 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది. దాని ప్రక్క చెఱువు, పాకాల, లక్నవరము తటాకములు, ఇవన్నియు ఆ యడవుల సరిహద్దున వెలసినవే. చెఱువు వచ్చిన చోట మాగాణి వచ్చును. మాగాణి వెంట పన్ను వచ్చును. పన్ను వెంట దానిని వసూలు చేయువాడు వచ్చును. చెఱువులను నిందించుట నా యుద్దేశము కాదు. ఆ నీటితో నేటికిని పంటలు పండుచున్నవి. కాని మెకంజీదొర సేకరింపించిన కైఫీయతులలో ప్రతాపరుద్రుడు అడవులు కొట్టించి ఊళ్లు కట్టించెనను మాట కీర్తిగా పలుమాఱు వచ్చును. ఆ యడవిలో అంతకుముందు ఎవరుండిరను ప్రశ్న మాత్రము వానిలో రాదు. కొట్టబడినది చెట్లేయని వ్రాసినవాని నమ్మకము. చదువు మనమును అట్లే నమ్ముచు వచ్చితిమి.

ఇక కావ్యముల సంగతి. ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను అలంకారగ్రంథమును రచించెను. లక్ష్యములన్నియు తన ప్రభువుమీదనే చెప్పుట దాని విశేషము. నాయకలక్షణము మొదలు అలంకారములవఱకు ప్రతి యుదాహరణమును రాజకీర్తియే. ఇట్టి గ్రంథములందు శత్రువులను గూర్చిన యొక కవిసమయము మనవారికి చిరపరిచితము. ఓడిన రాజుల స్త్రీలు అడవుల పాలగుదురు, పాదములకు ముండ్లు గ్రుచ్చుకొనును, నగలు జాఱును, కన్నీరు కాఱును. అడవి యనగా నచ్చట పరాభవస్థానము, ఎవరికిని ఇల్లు కాని చోటు. మేడారము కథలో నీ కవిసమయము తలక్రిందులగుచున్నది. ఇచ్చట అడవియే ఇల్లు. స్త్రీ పారిపోలేదు, నిలిచి పోరాడినది. ఆస్థానకవి యెఱిగిన చట్రములో సమ్మక్కకు చోటు లేదు. ఆమెను వర్ణింపవలెనన్న అలంకారశాస్త్రమున నొక క్రొత్త నాయికను కల్పింపవలసివచ్చెడిది. మౌనము సులభము గనుక మౌనమే జరిగినది.

మఱి మన కవులకు హతులను స్మరించు నలవాటే లేదందుమా? అదియును కాదు. పల్నాటివీరులను చూడుడు. శ్రీనాథుని పేర వెలసిన పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు ప్రకటించిరి. వీరవిద్యావంతులు ఆ కథను తరతరములుగా పాడుచున్నారు. కారెంపూడిలో కార్తికమాసమున ఆ వీరులకు నేటికిని ఉత్సవము జరుగును. అన్నిటికంటె ముఖ్యముగా క్రీడాభిరామమున, ఓరుగంటి వీథులలోనే, పల్నాటివీరుల కథను పాడుట వర్ణితమైయున్నది. ఎక్కడి కృష్ణాతీరము, ఎక్కడి ఓరుగల్లు! అంత దూరమున మడిసిన వీరుల పేర్లు రాజధానిలో పాటగా వినబడినవి. నాలుగు దినముల నడకలోనున్న మేడారపు మృతులు ఆ వీథికి రాలేదు. పల్నాటిలో ఇరుపక్షములును రాజకుటుంబములు, దాయాదుల పోరు. ఓడినవానికిని వంశము, బిరుదు, పాడువాడు గలరు. కోయలకు పాడువారు గలరు గాని, వారి పాటను వినువాడు ఓరుగంట లేకపోయెను. స్మృతికి ధైర్యసాహసములు చాలవు. శ్రోత కావలెను.

ఇప్పుడు మాటలను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఇది పండితుల సొంతపొలము గనుక తడవుపట్టినను క్షమింతురు. ఒక జనసముదాయమును చంపుటకు మన పత్రికలలో వాడుచున్న పదములు నాలుగు: మారణహోమము, నరమేధము, ఊచకోత, జాతిసంహారము. మొదటిదానిని విప్పి చూతము. మారణము షట్కర్మలలో నొకటి. హోమము నగ్నియందు వేల్చుట. హోమమున్నచోట యజమాని యుండును, ఫలము నుండును, మంత్రము నుండును. చచ్చినవాడు హవిస్సగును. నరమేధమును అశ్వమేధమునకు తోబుట్టువువంటి మాటయే. యజ్ఞపశువుగా మనుష్యుని నిలుపును. తెలిసియో తెలియకయో హంతకుని యజ్ఞకర్తగా జేయు పదములివి. ఊచకోత సేద్యగాని మాట. కొడవలితో వెన్నులను మాత్రము కోయుటకు వచ్చిన పేరు. దీనిలో పవిత్రత లేదు గాని, కోత కాలానుసారముగా జరుగు పని; కోతకు వచ్చిన పైరును కోయుట తప్పు కాదు. జాతిసంహారమొక్కటియే యథార్థమునకు దగ్గఱ. అందైనను సంహారమనగా ప్రళయకాలమున రుద్రుడు చేయు పని యను నర్థచ్ఛాయ యొకటి వెంటాడుచుండును. నిత్యవ్యవహారమున ఈ మాటలను నిషేధింపవలెనని నేననను. విద్యార్థులకు చెప్పునపుడు మాత్రము ఉపాధ్యాయుడు వీనిని విప్పి చూపవలెను. చంపినవాడెవడు, చచ్చినవాడెవడు అను రెండు ప్రశ్నలకును చోటులేని మాటలివి.

వాక్యనిర్మాణమునను ఇదే దోషము. "తిరుగుబాటు అణచివేయబడినది" అని చరిత్రపాఠములందు వ్రాయుదుము. అణచివేసినవాడు వాక్యమున లేడు. అణగినవారి తలకాయల లెక్క లేదు. కప్పమీయలేకపోవుట తిరుగుబాటెట్లయ్యెనో వివరణమును లేదు. కర్మణిప్రయోగము తెలుగునకు సహజము కాదని వ్యాకర్తలు చెప్పిన కారణమునకు, దానిని విసర్జించుటకు నేనీ కారణమును గూడ చేర్చుచున్నాను.

ఐరోపాలో రఫాయెల్ లెమ్కిన్ అను న్యాయవేత్త 1944లో ఈ పాతకమునకొక క్రొత్త మాటను గూర్చెను. జాతియను నర్థముగల గ్రీకుపదమునకు వధయను నర్థముగల లాటిను ప్రత్యయమును తగిలించెను. అంతవఱకు పేరులేని నేరమని దానిని గూర్చి చెప్పుకొనిరి. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9న చేసిన ఒడంబడికలో దానికి నిర్వచనమేర్పడినది. జాతి, తెగ, వర్ణము, మతము అను వీనిచే నేర్పడిన సముదాయమును, ఆ సముదాయమైనందుననే, సంపూర్ణముగ గాని అంశతః గాని నశింపజేయు నుద్దేశముతో చేసిన చేష్టలు దాని క్రిందికి వచ్చును. భారతదేశము ఈ యొడంబడికను 1959లో ధ్రువీకరించినది. ఈ నిర్వచనమును మేడారము కథకు తగిలింపవచ్చునా? తగదని నా యభిప్రాయము. ఉద్దేశము దానికి ప్రాణము. ఓరుగంటి ప్రభువుల యుద్దేశమును తెలుపు పత్రమొక్కటియు లేదు. కథలోనైనను రాజు కోరినది కప్పము, కోయజాతి నిర్మూలనము కాదు. ఆవేశముతో గొప్ప మాటను వాడినచో, రేపు దానికి నిజముగా తగిన చోట ఆ మాటకు బలముండదు. కాని నిర్వచనమునకు అందని మృతుడును మృతుడే. మాట తగదని చెప్పి మనిషిని గూడ త్రోసివేయు విమర్శకులతో నాకు పొత్తు లేదు.

ఈ యొడంబడికలో శిక్షకంటె ముందు చెప్పబడినది నివారణము. మొదటి నిబంధనయందే ఈ నేరమును నివారింతుమని రాజ్యములు ఒప్పుకొన్నవి. 2015లో అదే సమితి డిసెంబరు 9వ తేదీని హతుల స్మరణకును, నివారణమునకును గలిపి యొక్క దినముగా నేర్పఱచినది. స్మరణమును నివారణమును ఒక్కచోట కట్టుట మన వాఙ్మయమునకు క్రొత్త కాదని చూపుట యీ వ్యాసమున నాకు ముఖ్యము.

ఆంధ్రభారతము మన యాదికావ్యము. దాని యారంభమున నున్నదేమి? సర్పయాగము. తండ్రి పరీక్షిత్తును కఱచినవాడు తక్షకుడొక్కడు. జనమేజయుడు వేల్వబూనినది సర్పజాతినెల్ల. ఒకని యపరాధమును జాతికంటగట్టుటయే ఈ పాతకమునకు బీజము. దీనికి ముందే రురుని కథ వచ్చును. ప్రియురాలిని పాము కఱచినదని కనబడిన పామునెల్ల చంపుచు వచ్చిన రురునకు, విషములేని డుండుభము అడ్డుపడి మాటాడినది. కథకుడు ఒకే విషయమును చిన్న యద్దమున నొకసారి, పెద్ద యద్దమున నొకసారి చూపినాడు. పిల్లలకు ఈ ఘట్టములను ఛందస్సుకొఱకును, సంధులకొఱకును చెప్పుచున్నాము. అర్థముకొఱకు చెప్పువారు తక్కువ.

ఈ యాగమునకు రాజును పురికొల్పినవాడు ఉదంకుడని మఱువరాదు. అతడు గురుభక్తుడు, విద్యావంతుడు. తక్షకుడు కుండలములను హరించిన సొంతపగ యొకటి యతనికి గలదు. తన పగను రాజధర్మముగా జేసి చెప్పెను. ఆపినవాడు ఆస్తీకుడు. అతడును విద్యావంతుడే, తల్లి నాగజాతి స్త్రీ, తండ్రి ఋషి. ఆయుధము పట్టలేదు, సభలోనికి వచ్చి, యాజకుల యెదుటనే రాజును వరమడిగెను. పురికొల్పినదొక పండితుని నోరు, ఆపినదొక పండితుని నోరు. రాజు నడుమ నున్నాడు. ఇంకొక విశేషము: వ్యాసభారతమున ఆ యగ్నిలో బడిన సర్పముల పేర్లు కులములవారీగా, వాసుకి కులమువారు వీరు, తక్షక కులమువారు వీరు అని యెన్నబడినవి. చదువువారు విసుగుతో పుటలు త్రిప్పు జాబితా యది. నాకు మాత్రము ఆ పర్వమున నంతకంటె గంభీరమైన భాగము లేదు. జయించిన రాజు మునిమనుమని సభలో, చంపబడిన జాతి పేర్లు గోత్రక్రమమున చదువబడినవి!

ఉదంకుని తరము ముగియలేదనుటకు 1994లో ర్వాండాదేశమున జరిగినది చాలును. ఇంచుమించు నూఱు దినములలో టుట్సీ జాతివారిని లక్షలకొలది చంపిరి. దానికి ముందు రేడియోలోను, పత్రికలోను వారిని బొద్దింకలని పిలుచుచు వచ్చిరి. ర్వాండాకై యేర్పడిన అంతర్జాతీయ నేరవిచారణ న్యాయస్థానము 2003లో ఆ రేడియో స్థాపకులను ఇరువురిని, పత్రికా సంపాదకు నొకనిని దోషులుగా నిర్ణయించెను. 2007లో పై విచారణయందు శిక్షలు తగ్గినను వారు విడుదల కాలేదు. కత్తి పట్టనివారిని మాటకై శిక్షించిన తీర్పు గనుక కలము పట్టువారు దానిని చదువవలెను. మనుష్యుని బొద్దింకయనుటకును పామనుటకును దూరమెంత? మన ప్రబంధములలోని వేటఘట్టములందు కిరాతులను, శబరులను వర్ణించిన తీరును ఈ దృష్టితో నొకమాఱు మరల చూడవలెను. ఆ వర్ణనలలో చమత్కారముండవచ్చును. నల్లని దేహము, ఎఱ్ఱని కన్ను, కల్లుకంపు తప్ప మనిషి యుండుట అరుదు. ధూర్జటి తిన్ననివంటి వారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

మేడారమునకు మరలుదము. రెండేండ్లకొకమాఱు మాఘమాసమున జరుగు ఈ జాతరకు ప్రభుత్వము లెక్కప్రకారము కోటికి పైగా జనము వత్తురు. 1996లో దీనిని రాష్ట్రోత్సవముగా ప్రకటించిరి. కన్నెపల్లినుండి సారలమ్మ, పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు, కొండాయినుండి గోవిందరాజు, చిలకలగుట్టనుండి సమ్మక్క గద్దెలకు వత్తురు. విగ్రహములు లేవు. బెల్లమును బంగారమని పిలిచి నిలువెత్తు తూచి యర్పింతురు. ఇంత జనము జంపన్నవాగున మునుగునపుడు, నెత్తురు పాఱిన వాగున మునుగుచున్నామను తలపు ఎందఱికుండునో! పుణ్యస్నానము గాయమును కప్పినదని యొకరందురు. పుణ్యస్నానమే లేకున్న ఆ వాగు పేరైనను మిగిలెడిది కాదని వేఱొకరందురు. నేను రెండవ పక్షమువాడను. కావ్యము మఱచినదానిని ఆచారము మోసికొని వచ్చినది. కాని యాచారము మోయగలది కొంతవఱకే. దేవతలైనవారి పేర్లు నిలిచినవి. వారితో గూలిన సామాన్యుల పేర్లు మహిమల వెనుక మఱుగుపడినవి.

చిలకలగుట్టనుండి సమ్మక్కను తెచ్చునపుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి కాల్చి వందనము చేయుట ఆనవాయితీ. చంపిన రాజ్యమునకు వారసమైన రాజ్యశక్తి, చంపబడినదానికి ఆయుధముతోనే మ్రొక్కుట! దీనిని ప్రాయశ్చిత్తమనవచ్చునో, అలవాటనవచ్చునో నిర్ణయింపను. 2014లో స్వీకరించిన రాష్ట్రచిహ్నమున కాకతీయ తోరణమున్నది. 2022లో కాకతీయవైభవ సప్తాహమును జరిపిరి. 2023లో ములుగున సమ్మక్క సారక్కల పేర కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయమునకు చట్టమైనది. ఇరువురిని గౌరవించుటలో తప్పులేదు. రామప్పగుడి శిల్పమును చూచి యానందించువాడు మేడారపు గద్దెకడ తలవంచరాదా? కాని రెండు పాఠములను ప్రక్కప్రక్కనుంచి, ఒకదానిలోని రాజే రెండవదానిలో సేనను బంపినవాడని చెప్పక దాటవేయు ఉపాధ్యాయుడు విద్యార్థికి అసత్యము చెప్పకయే అసత్యము నేర్పుచున్నాడు.

ఈ దాటవేత ప్రాచీనకథకే పరిమితము కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లును, నిజాం బలగములును ఎనుబదిమందికి పైగా గ్రామస్థులను చంపిరి. ఆ యూరి బురుజు నేటికిని నిలిచియున్నది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కులకై కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు పదుముగ్గురని ప్రభుత్వము చెప్పెను. జనము చెప్పు సంఖ్య దానికి పలురెట్లు. వారికై కట్టిన స్తూపమును 1986లో కూల్చిరి, 1987లో మరల కట్టిరి. పెక్కేండ్లు ఆ తేదీనాడు అచ్చట నిషేధాజ్ఞలుండెడివి. మేడారమునకు ఏడువందల యేండ్లు గడచినవి గనుక పేర్లు దొరకవని సాకు చెప్పవచ్చును. ఇంద్రవెల్లికి ఆ సాకు చెల్లదు.

సాహిత్యపరిశోధకులకు ఇచ్చట చేయదగిన పని యొకటి మిగిలియున్నది. కోయలలో డోలీలను గాయకులు గలరు. పడిగె యను చిత్రపటమును ఎత్తి, పెద్ద డోలు వాయించుచు, కోయవంశముల పుట్టుపూర్వోత్తరములను పాడుదురు. వారిలో నొకరైన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆయన 2024లో గతించిరి. డోలీల పాఠము జాతరలో అమ్ముడుపోవు చిన్నపుస్తకముల పాఠముతో సరిపోదు. ఒక పాఠమే ప్రమాణమని నిర్ణయించి తక్కినవానిని దిద్దబూనుట, తాళపత్రప్రతుల పరిష్కరణలో మనము చేయు పొరపాటే. పాఠభేదములను పాఠభేదములుగానే, పాడినవాని పేరుతో, ఊరితో, పాడిన తేదీతో వ్రాసికొనవలెను. కోయలు తమ వంశములను మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు అని గట్టులుగా చెప్పుకొందురు. డోలీ పాడునపుడు ఏ గట్టువారు ఏ పోరున పాల్గొనిరో, ఏ యింటివారు మడిసిరో చెప్పు చరణములను, కథకు అడ్డమని యెంచి వదలరాదు. సర్పనామములను చదువక పుటలు త్రిప్పినట్లు, అచ్చువేయువారు మొదట కోసివేయునవి ఆ చరణములే.